మినపగింజ వన్నె సానరాయి

క్షౌరపుకత్తితో స్త్రీలకేమి పని యని మా సోదరీమణులు కొందఱు నవ్వుదురేమో. నవ్వనిండు. కత్తిపీట పదును తగ్గినప్పుడు దానిని రాతితో నూరుకొననివారు మనలో నెవరు? రోటి యంచుననో, పెరటి బండమీదనో నాలుగు మారులు రుద్ది, వంకాయ తొడిమ తెగినదా లేదా యని చూచుకొని, మరల వంటలో బడుట మనకు నిత్యకృత్యమే. పూజకు గంధము తీయు రాతిని సాన యందుము. కత్తి నూరు రాతిని గూడ సాన యనియే యందుము. చిన్ననాడు మా మాతామహులు మాచే నమరకోశము వల్లెవేయించుచు శాణము, నికషము, కషము అను మూడును ఒక్క వస్తువు పేళ్ళేయని చెప్పిరి. బంగారము గీచి చూచు ఒరగల్లును నికషమే. పదును పెట్టు రాయియు మంచిచెడ్డలు తేల్చు రాయియు నొక్క పేరున పిలువబడుట ఆనాడు మాకు వింతగా దోచెను.

మాది చిలకలూరిపేట. 2022వ సంవత్సరము ఏప్రిల్ నెలలో పల్నాడు జిల్లా యేర్పడువఱకు ఇది గుంటూరు జిల్లాలోని యూరు. మావారు ఉపాధ్యాయులు. మామగారును ఆ వృత్తిలోనే జీవితము గడిపి విశ్రాంతి పొందినవారు. వారికిప్పుడు 84 ఏండ్లు. వారియొద్ద నల్లని పిడిగల మడతకత్తి యొకటి కలదు. జర్మనీ దేశమందలి సోలింగెన్ పట్టణమున చేయబడినది. ఆ పట్టణపు పేరు దాని తోకమీద చెక్కియున్నది. షెఫీల్డు కత్తులును, సోలింగెన్ కత్తులును ఒకప్పుడు మన దేశపు క్షురకుల పొదులలో మిక్కిలి ప్రీతిగా దాచుకొనబడినవి.

మేము కాపురమునకు వచ్చిన నాటినుండియు ఆ కత్తిని పదునుగా నుంచినవారు మా వీథి చివరనున్న నాయీబ్రాహ్మణ వృద్ధులు. మేము వారిని తాతా యని పిలుతుము. సోమవారమును బుధవారమును ఉదయమే పొది చంకబెట్టుకొని వచ్చి, మామగారికి క్షౌరము చేసి, కాఫీ పుచ్చుకొని, ఊరి సంగతులు నాలుగు చెప్పి వెళ్ళుట వారి వాడుక. వయసులో నున్నప్పుడు పెండ్లిండ్లలో డోలు వాయించినవారు. మా యూరు నాదస్వరమునకు పేరుమోసినది గదా! షేక్ చినమౌలానా గారంతటివారు ఇచటి ఆదం సాహెబు గారియొద్ద శిష్యరికము చేసిరి. ఆ గాలి సోకినందుననేమో, తాతగారి చెవి బహు సూక్ష్మమైనది. ఈ సంగతి యెందుకు చెప్పితిమో ముందు తెలియగలదు.

రెండేండ్ల క్రిందట వారి కన్నులలో శుక్లములు ముదిరెను. శస్త్రచికిత్స జరిగి చూపు వచ్చినది గాని చేతి వణకు పోలేదు. “చూపుంటే చాలదు కోడలమ్మా, చెయ్యి నిలవాల. పంతులుగారి మెడ కాడ కత్తి పెట్టి నేను కోటయ్యసామికి మొక్కుకుంటా కూర్చుంటే ఎట్టా?” అని తామే మానుకొనిరి.

వారి మనుమనికి బజారులో నంగడి యున్నది. అద్దములు, తిరుగు కుర్చీలు, చల్లని గాలి. వచ్చిన ప్రతి మనుష్యునికి క్రొత్త బ్లేడును రెండుగా విఱిచి, సగము కత్తిపిడిలో దొడిగి, పని కాగానే పాఱవైచుచున్నాడు. ఇది ముమ్మాటికి సరియైన పద్ధతి. ఒకే కత్తి పలువురి చర్మమును తాకినచో హెపటైటిస్ బి, సి అను కాలేయ వ్యాధులును, హెచ్.ఐ.వి.యును నెత్తుటి వెంట నొకరినుండి యొకరికి సోకగలవు. కోటప్పకొండపై మా చిన్నదాని పుట్టువెంట్రుకలు తీయించినప్పుడు మేము మొట్టమొదట చూచినది దేవుని గాదు, ఆ బ్లేడు మా కన్నులయెదుట కాగితము విప్పి తీసినదా కాదా యనియే. పాతకత్తి పోయెనే యని వగచువారు ఈ మాట మఱువరాదు. ఇచట మేము వ్రాయుచున్నది ఒక్క యింట, ఒక్క మనుష్యునికి మాత్రమే వాడు కత్తిని గూర్చి.

మామగారు అంగడి మెట్లెక్కలేరు. ఆ మనుమడే ఒకటి రెండు మారులు ఇంటికి వచ్చి చేసిపోయెను గాని, ముడుతలు పడిన మెత్తని చర్మముపై ఆ సగము బ్లేడు వారికి మంట పుట్టించెను. మావారు విద్యుత్తుతో నడుచు చిన్న యంత్రమును కొని తెచ్చిరి. అది చెవి దగ్గర తుమ్మెదవలె రొద చేయుచున్నదని మామగారు రెండవ దినముననే దానిని పెట్టెలో బెట్టించిరి. ఉద్యోగము చేసిన దినములలో నొక్కనాడైన మాసిన గడ్డముతో బడిలో నడుగు పెట్టని మనిషి! మూడు వారములు గడచునప్పటికి, తమ మంచమున కెదురుగా నున్న యద్దమును గోడవైపు త్రిప్పి పెట్టుమనిరి. వారింకేమియు ననలేదు. మాకు మాత్రము ఆ పూట అన్నము సహింపలేదు.

తండ్రిగారికి తామే క్షౌరము చేయుదుమని మావారు పూనుకొనిరి. వారి చేయి నిలుకడగలదే. కాని కత్తి మొద్దువారియున్నది. మొద్దుకత్తి చేయు హాని పదునుకత్తి చేయదు. పదునుగలది తన బరువుతోనే వెంట్రుకను కోసికొనిపోవును. మొద్దుదానిని అదిమి పట్టవలెను, అదిమినది జాఱును, జాఱినది తెగును. కత్తిపీటతో మన వ్రేళ్ళు తెగునదియు నిట్లే కదా.

వీథిలోనికి “కత్తులు, కత్తెర్లు సాన పడతాం” అని కేకవేయుచు సైకిలు చక్రముతో వచ్చువానికిత్తమా యనగా తాతగారు చెవులు మూసికొనిరి. ఆ చక్రము కూరగాయల కత్తికి, కత్తెరకు మంచిదే. క్షౌరపుకత్తి ప్రక్కలు లోనికి గుల్లగా, వాదర దగ్గర కాగితమంత పలుచగా నుండును. తిరుగు చక్రపు వేడికి ఆ పలుచని యుక్కు నీలివన్నెకు మాఱి పొగరు చచ్చును. ఒకసారి పొగరు చచ్చిన యంచు ఎంత నూరినను నిలువదు. “పంతులుగారికి బడి తొందర. కూర్చోలేరు. నువ్వు గంధం తీస్తావుగా తల్లీ, నువ్వు కూర్చో. నేను చెప్తా,” అని తాతగారు తమ పొదిలోనుండి యొక చిన్న రాయి తీసి మా చేతిలో బెట్టిరి. జానెడు పొడవు, రెండు వ్రేళ్ళ వెడల్పు. స్లేటుపలక జాతి రాయి. ఆకుపచ్చ చాయ కలిసిన నలుపు; అచ్చముగా పొట్టు తీయని మినపగింజ వన్నె.

ఆ సాయంకాలమే మావారి మేనత్తగారు వచ్చిరి. సంగతి విని, “ఏమే అమ్మాయ్, పసుపుకుంకాలతో ఉన్నదానివి, ఆ కత్తి ముట్టుకోవచ్చునటే!” అని మండిపడిరి. మేము మాఱు పలుకలేదు. కొంతసేపటికి తామే చెప్పదొడగిరి. వారి నాయనమ్మగారికి 19వ యేటనే వైధవ్యము ప్రాప్తించెనట. నాటినుండి కడవఱకును పక్షమున కొకమారు పెరటి తలుపు మూసి, ఆమెను పీటపై కూర్చుండబెట్టి శిరోముండనము చేయించుట యింటి యాచారము. మేనత్తగారు అయిదాఱేండ్ల పిల్లగా నున్నప్పుడు తలుపు సందునుండి చూచిరట. ఆమె యేడ్చుట గాని, వలదనుట గాని ఎఱుగరట. కూర్చుండి, ముసుగు తీసి, ఒక్క మాట మాత్రము అడుగుచుండెడిదట: “కత్తి నూరావా నాయనా?”

ఆ మాట విన్న పిదప మాకు రాత్రి నిదుర పట్టలేదు. కందుకూరి వీరేశలింగము పంతులు గారు 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహము జరిపించిరని మనమందఱము చదివియుంటిమి. 1890లో బొంబాయిలో నారాయణ మేఘాజీ లోఖండే గారి పూనికతో క్షురకులే సభ చేరి, వితంతువుల తలలు ఇక గొఱుగమని నిశ్చయించుకొనిరని మాత్రము మనలో చాలమందికి తెలియదు. పండితులు వాదములు సాగించుచుండగా కత్తి పట్టినవారే కత్తి దించిరి! అయినను ఆ నాయనమ్మగారి పెరటి తలుపు ఆ తరువాత ఎన్నో యేండ్లు మూయబడుచునే యుండెను. మేనత్తగారి వెఱపును మేము మూఢత్వమనజాలము. అది కన్నులార చూచిన సంగతి. తన తలపై ఏమి జరుగవలెనో తాను చెప్పనోచని యిల్లాలు, కత్తి పదునుగా నుండవలెనని మాత్రము కోరుకొనినది. ఆ పదును ఆమె చేతిలో లేదు. మా చేతికి రాయి వచ్చినది. తెల్లవారి మేము సానకడ కూర్చుంటిమి.

పని యెట్లుండునో వినుడు. కత్తిపీటను నూరునప్పుడు పీట కదలదు, రాయి కదలును. ఇచట రాయి నిలిచియుండును, కత్తి నడుచును. ముందుగా రాయి చదునుగా నున్నదా లేదా చూడవలెను. ఏండ్ల తరబడి నూరిన రాతికి నడుమ గుంటపడును. గుంటరాతిపై వాదర వంకరపోవును. మా వంటింటి అరుగు చీమకుర్తి నల్ల గ్రానైటు. దానిపై తడిసినను చినుగని ఉప్పుకాగితము పఱచి, నీళ్ళు చల్లి, రాతిని బోర్లించి రుద్దితిమి. రాతిపై ముందుగా గీచిన సీసపుగీతలన్నియు చెఱగిపోయినపుడు అది చదునైనట్లు గుర్తు.

పిదప రాతిపై నీళ్ళు చిలుకరించి, అదే జాతి చిన్న రాతిముక్కతో గుండ్రముగా అరగదీసిన మెత్తని బురద లేచును. తాతగారు దానిని ‘రాతిగంధము’ అందురు. మంచిగంధమువలెనే, మొదట చిక్కగా నుండవలెను. కత్తిని విప్పి వెన్నును వాదరను రెంటిని ఒక్కసారి రాతిని తాకునట్లు పరుండబెట్టవలెను. ఇందులోనే ఈ కత్తి చేసినవాని తెలివియున్నది. వెన్ను మందము కత్తి వెడల్పులో రమారమి నాల్గవ వంతుండును. కనుక రెండును తాకియున్నంతసేపు వాదర కోణము సుమారు 15 మొదలు 18 డిగ్రీల నడుమ దానంతట నదియే నిలుచును. మనము కొలువనక్కఱలేదు, వెన్నెత్తకున్న చాలును. వాదర ముందుగా, అట్లకాడతో పెనముమీది అట్టు తీయునట్లు, కత్తిని ముందునకు త్రోయవలెను. రాయి రెండు వ్రేళ్ళ వెడల్పే, కత్తి అంతకు పొడవు. కావున తిన్నగా గాక ఏటవాలుగా, పిడిదగ్గర మొదలుపెట్టి కొన దగ్గర ముగియునట్లు నడుపవలెను. చివర రాగానే వాదరపై గాక వెన్నుపై దొర్లించి, రెండవ ప్రక్కను వెనుకకు తీసికొనవలెను. అదుమరాదు. “కత్తి బరువు చాలమ్మా, నీ బరువెందుకు?” అని తాతగారు పదిమారులు హెచ్చరించిరి.

ఎన్ని మారులు నూరవలెనని యడిగితిమి. లెక్క చెప్పలేదు. గోడకానుకొని కన్నులు మూసికొని వినుచుండిరి. మొదట గరగరమను చప్పుడు, కొంతసేపటికి సన్నపడి, పట్టుచీర కుచ్చెళ్ళు నేలను రాచుకొనినట్లగును. “ఇప్పుడు నీళ్ళు పొయ్యి” అనిరి. గంధము పలుచనయ్యెను. మరల నూరుట, మరల నీళ్ళు. కడపట ఉత్తనీళ్ళే మిగిలినప్పుడు కత్తి రాతిని పట్టుకొనినట్లు చేతికి తెలియును. “కొన దగ్గర ఇంకా రాలా” అని వారు చూడకయే చెప్పిరి. నిజమే, కొన దగ్గర వేలి గుజ్జున కది మొద్దుగానే తగిలెను. ఆ చెవిని మేము మఱియెవరియందును చూడలేదు.

రాతిపై పని ముగిసిన పిదప తోలుపట్టీపై. ఇచట నడక తలక్రిందులు. వెన్ను ముందు, వాదర వెనుక. ముందుగా త్రోసిన తోలు కోసికొనిపోవును. వృద్ధులు పట్టీ లేనప్పుడు అఱచేతిపైననే నాలుగు మారులు త్రిప్పెదరు. అది మావంటివారు చేయరాదు.

పరీక్షకు వెంట్రుక కావలెను. మా జడలోని దొక్కటి తీసి, ఒక కొన పట్టుకొని, వ్రేలాడుదానిని వాదరపై నుంచినంతనే చప్పుడు లేక తెగిపడవలెను. మూడవ దినమునగాని మా కత్తి దానిని కోయలేదు. ఆ ముచ్చట మామగారితో చెప్పగా వారు లోపలినుండి సుశ్రుతసంహిత తెప్పించి, సూత్రస్థానమున 8వ యధ్యాయము విప్పి చూపిరి. చదివి మేము నివ్వెఱపడితిమి. శస్త్రములు నూరుటకు నున్నని, మినుము వన్నెగల రాయి కావలెననియు, పదును నిలుపుటకు బూరుగుచెక్క పలక యుండవలెననియు, రోమమును కోయగలిగినప్పుడే శస్త్రము పదునెక్కినట్లనియు ఆ మహావైద్యుడు చెప్పియున్నాడు. ఏ శస్త్రమునకు ఎంత వాదరయో చెప్పుటకు కొలమానములు గూడ వంటింటినుండి తీసికొనినవే: కొన్నిటికి మసూరపప్పు గింజ యంచంత, కొన్నిటికి అందులో సగము, కొన్నిటికి వెంట్రుకవాసి, కోయువానికి వెంట్రుకలో సగము. కఠోపనిషత్తునందు దాటరాని క్షురధార ప్రస్తావన పండితులందఱు నెఱిగినదే. ఆ ధారను నూరిన చేతిని గూర్చి తలచినవాడు మాకు సుశ్రుతు డొక్కడే కనబడినాడు.

ఇతర దేశములవారును ఇట్టి రాళ్ళకొఱకు కొండలు త్రవ్విరి. బెల్జియము దేశమున ఆర్డెన్ కొండలలో పసుపువన్నె రాయి యొకటి దొరకును. దానినిండ గోమేధికజాతికి చెందిన కంటికానని రవ్వలు. జర్మనీలో తురింగియా ప్రాంతపు రాయి స్లేటు జాతిదే. మన మార్కాపురపు కొండలనుండి బడిపిల్లల పలకలు వచ్చినట్లు అచటినుండి కత్తులకు సానలు వచ్చెను. అమెరికాలోని ఆర్కన్సా రాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన నొవాక్యులైట్ అను పేరునకు మూలము లాటిను భాషలో క్షౌరపుకత్తియను మాటయే.

ఉక్కు సంగతికి వచ్చినచో మనము ఒకరికి తీసిపోలేదు. నిజామాబాదు జిల్లా కోనసముద్రమున మూసలలో కరగించిన యుక్కును కొనుటకు పారశీక వర్తకులు వచ్చుచుండిరి. దక్షిణదేశపు ‘ఉక్కు’ అను మాటయే పాశ్చాత్యుల నోట ‘వూట్జు’ అయినదందురు. లండనులో కత్తులు చేయు జేమ్స్ స్టోడార్టు ఆ యుక్కును మెచ్చి వాడెను; 1820 ప్రాంతమున మైకేల్ ఫారడే యను శాస్త్రవేత్త ఆయనతో గూడి ఉక్కుపై పరిశోధనలు చేసి, తాము చేసిన క్రొత్తయుక్కుతో క్షౌరపుకత్తులు చేయించి మిత్రులకు కానుకగా నిచ్చెను. విద్యుచ్ఛాస్త్రమునకు మూలపురుషుడైనవాడు స్నేహితుల గడ్డములను గూర్చి గూడ యోచించెనన్నమాట!

వెంట్రుకకన్న ఉక్కు ఎన్నో రెట్లు గట్టిదికదా, మఱి కత్తి ఎందుకు మొద్దువాఱవలెనని మా పెద్దది యడిగినది. తండ్రి చెప్పలేక ఆ రాత్రి వెదకి చూచిరి. 2020లో అమెరికాలోని మాసచూసెట్స్ సాంకేతిక విద్యాసంస్థవారు దీనిని సూక్ష్మదర్శినిక్రింద చూచి, వెంట్రుక వంగి ప్రక్కవాటుగా తగిలినప్పుడు, ఉక్కు నిర్మాణము సమముగా లేనిచోట అంచు చిట్లునని కనుగొనిరట. వెంట్రుక ఉక్కుకన్న ఇంచుమించు 50 రెట్లు మెత్తనిది! మరునాడు ఈ మాట తాతగారితో చెప్పగా, “అందుకేగా ముందు నీళ్ళతో గడ్డం బాగా నానెయ్యమనేది” అని తేల్చివైచిరి.

ఇప్పుడు సోమవారమును బుధవారమును మా యింట కార్యక్రమ మిట్లు జరుగుచున్నది. ముందు వేడినీటి తుండుగుడ్డ మామగారి ముఖముపై రెండు నిమిషములు. నురుగు. మేము తోలుపట్టీపై కత్తిని ముప్పది మారులు త్రిప్పి మావారి చేతికిత్తుము. మావారు చర్మమును వేళ్ళతో బిగబట్టి, మాటాడక, శ్వాస బిగించి చేయుదురు. బడిలో నంత శ్రద్ధగా నుందురో లేదో! పిదప కత్తిని కడిగి, పొడిగుడ్డతో తుడిచి, కొబ్బరినూనె చుక్క రాచి మడచుట మా పని. రాతిపైకి నెలకొకమారు తెచ్చిన చాలును. అద్దము మరల మంచమువైపు తిరిగియున్నది. తిప్పుమని వారు చెప్పలేదు, మేమడుగలేదు.

సానరాయి తిరిగి యిచ్చివేయబోగా తాతగారు పుచ్చుకొనలేదు. మనుమని యంగడిలో దానితో పని లేదు. “మా నాయన చేతిది. అరిగితే అరిగిందిలే, ఉంచుకో” అనిరి. మేము వారికి బదులుగా ఏమిచ్చినను తక్కువే గనుక, పండుగకు బట్టలుపెట్టి నమస్కరించితిమి.

మొన్న గురువారము మేనత్తగారు మరల వచ్చిరి. వెంట పనిపిల్ల చేత గోనెసంచి. మామగారి నున్నని చెక్కిళ్ళు చూచి కొంతసేపు ఊరకుండిరి. కాఫీ త్రాగి, లేవబోవుచు, సంచిలోనుండి తమ కత్తిపీట తీసి మా ముందుంచి, “గోంగూర కాడ కూడ తెగడంలేదే. రేపు శుక్రవారం, ఇవాళే కానిచ్చెయ్యి” అనిరి. కత్తిపీటకు మినపవన్నె రాయి పనికిరాదు, గరుకురాయి కావలెను. పెరటిలోనుండి అది తెచ్చి, పీటను కాలితో నదిమిపట్టి కూర్చుంటిమి. వారు ప్రక్కనే మోకాళ్ళు పట్టుకొని కూర్చుండి, “కొన దగ్గర ఇంకొంచెం” అనుచు చూచుచుండిరి.